నీరు దిగాలంటే గాలి లేవాలి

అమెరికాలో స్థిరపడిన ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఈ నెల వ్యాసానికి మూలం. సెలవుల్లో ఆయన కుటుంబం ట్రావెల్ ట్రైలర్‌ను బండికి తగిలించుకుని క్యాంపింగ్‌కి వెళ్తుంది. ట్రైలర్ అడుగున ఉండే మురుగునీటి ట్యాంకు నిండినప్పుడు, పక్కన నేలమీద చక్రాలున్న ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, రెండింటికీ గొట్టం బిగించి, వాల్వు తెరుస్తారు. కొన్ని లీటర్లు గబగబా దిగుతాయి, అంతలోనే ధార నిలిచిపోతుంది. పై ట్యాంకు నిండుగానే ఉంది. కింది ట్యాంకు ఖాళీగానే ఉంది. వాల్వు బార్లా తెరిచి ఉంది, గొట్టంలో చెత్తాచెదారం ఏమీ అడ్డుపడలేదు. నీరు పల్లమెరుగు అంటారే, మరి ఈ నీరు పల్లానికి ఎందుకు పోవడం లేదు? ఇంత చక్కటి ప్రశ్నను వదిలిపెట్టడం నా వల్ల కాదు. దీనికి జవాబు చెప్పాలంటే అరిస్టాటిల్ నుంచి న్యూటన్ దాకా చాలామందిని పలకరించాలి. వాళ్లలో కొందరు తప్పు చెప్పినవాళ్లే, ఆ తప్పుల్లోనే మన జవాబు దాగి ఉంది.

ముందు ప్రాథమిక విషయాలు, క్లుప్తంగా. ట్రావెల్ ట్రైలర్‌లో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది గ్రే ట్యాంకు, సింకులోంచీ స్నానాల గదిలోంచీ వచ్చే సబ్బునీళ్లు దీంట్లో చేరతాయి. మూడోది బ్లాక్ ట్యాంకు, ఇది మరుగుదొడ్డిది. మురుగు ట్యాంకులు ఒక్కొక్కటి 30, 40 గ్యాలన్లు, అంటే సుమారు 115 నుంచి 150 లీటర్లు పట్టేవి ఎక్కువ. మురుగు కాలవకు నేరుగా గొట్టం కలుపుకునే సదుపాయం ఉన్న క్యాంపుల్లో ఏ చిక్కూ లేదు. కాని అందమైన చోట్లలో ఆ సదుపాయం అరుదు. యోసెమిటీ జాతీయ ఉద్యానవనం క్యాంపుల్లో అది అసలే లేదు. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి అనే ఒక్క ట్రైలర్ పార్కులోనే ఉంది. మిగతా చోట్ల మురుగును, దాన్ని ఒంపేందుకు ఏర్పాటు చేసిన డంప్ స్టేషన్‌కు మోసుకెళ్లాలి. అందుకోసం మొత్తం ట్రైలర్‌ను కదిలించడం పెద్ద పని. వేసిన గుడారాలు, పరిచిన చాపలు, కింద ఆనించిన జాకీలు అన్నీ తీయాలి. ఆ అవస్థ తప్పించేదే ఈ చక్రాల ట్యాంకు. అక్కడివాళ్లు టోట్ అంటారు. ఎక్కువగా 15 నుంచి 36 గ్యాలన్ల దాకా దొరుకుతాయి. దీన్ని నింపి, బండి వెనక తగిలించి, నడక వేగానికి కాస్త మించి లాక్కెళ్లి ఖాళీ చేసి వస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. కింది ట్యాంకు ఖాళీగా ఉందన్న మాటే తప్పు. అది నిండుగా ఉంది, గాలితో. 22 గ్యాలన్ల టోట్‌లో 83 లీటర్ల గాలి ఉంటుంది. 83 లీటర్ల మురుగు లోపలికి రావాలంటే 83 లీటర్ల గాలి బయటికి పోవాలి. టోట్‌కు పైన ఒక చిన్న మరమూత ఉంటుంది, అదే గాలిమూత. అది బిగించి ఉంటే గాలికి దారి లేదు. అప్పుడేమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. పై ట్యాంకులోని నీటిమట్టం టోట్‌కన్నా అర మీటరు ఎత్తున ఉందనుకుందాం. అర మీటరు నీరు చూపించే ఒత్తిడి సుమారు 4.9 కిలోపాస్కల్స్. టోట్‌లోని గాలి మీద వాతావరణం అప్పటికే 101 కిలోపాస్కల్స్ ఒత్తిడి చూపిస్తోంది. గొట్టం నిండా నీరు చేరిన క్షణం నుంచి ఆ గాలి నలగడం మొదలవుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ప్రకారం, ఒత్తిడి ఎంత పెరిగితే ఘనపరిమాణం అదే పాళ్లలో తగ్గుతుంది. 101 కాస్తా 106 అయ్యేసరికి గాలి నూటికి నాలుగున్నర పాళ్లు మాత్రమే కుంచించుకుపోతుంది. అంటే 83 లీటర్ల ట్యాంకులో నీటికి దొరికే చోటు నాలుగు లీటర్ల లోపే. ప్లాస్టిక్ గోడలు కొద్దిగా ఉబ్బితే ఇంకొంచెం. అక్కడితో గాలి ఒత్తిడీ నీటి ఒత్తిడీ సరిసమానమవుతాయి, ప్రవాహం ఆగిపోతుంది. పాఠకుడు చూసిన ‘కొన్ని లీటర్లు’ ఇవే. అర మీటరు నీటికి 83 లీటర్ల గాలిని నొక్కేంత బలం లేదు.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. గాలిమూత తీయకపోయినా కొన్నిసార్లు టోట్ చక్కగా నిండుతుంది కదా అని. నిజమే, నిండుతుంది. ఆ మినహాయింపు సూత్రాన్ని కొట్టేయదు, బలపరుస్తుంది. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుటగుటమంటూ ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పెడితే ధార నిలకడగా వస్తుంది. ఒకే చిల్లులోంచి నూనె బయటికి, గాలి లోపలికి వంతులవారీగా పోవాలి కాబట్టి ఆ గుటగుటలు. మురుగు గొట్టం మూడు అంగుళాల వెడల్పుది. అందులో నీరు సగానికే పారుతుంటే, పైసగంలో గాలి వెనక్కి నడుచుకుంటూ ట్రైలర్ ట్యాంకులోకి, అక్కడినుంచి కప్పు మీది గాలిగొట్టం గుండా ఆకాశంలోకి పోతుంది. అందుకే వాల్వును పూర్తిగా తెరిస్తే ఆగిపోయిన ప్రవాహం, సగం తెరిస్తే సాగవచ్చు. ఎక్కువ తెరిచినప్పుడు గొట్టం నిండిపోయి గాలికి దారి మూసుకుపోతుంది. ఇక గొట్టం మధ్యలో ఎక్కడైనా కిందికి వేలాడి ఉంటే, ఆ వంపులో నీరు నిలిచి గాలిని పూర్తిగా అడ్డుకుంటుంది. గాలిమూత తెరిచి ఉన్నా వంపులతో మరో ప్రమాదం ఉంది. రెండు వంపుల మధ్య చిక్కుకున్న గాలిబుడగ, ఎక్కి దిగే ఎత్తు మేరకు నీటి ఒత్తిడిని మింగేస్తుంది. పదిహేను సెంటీమీటర్ల వంపులు మూడుంటే నలభై అయిదు సెంటీమీటర్లు పోయినట్టే. మన దగ్గర మొత్తం ఉన్నదే అర మీటరు.

ఇంత సూటిగా ఉన్న విషయం మనుషులకు అర్థం కావడానికి రెండు వేల ఏళ్లు పట్టింది. ప్రకృతి శూన్యాన్ని సహించదని అరిస్టాటిల్ శాస్త్రం చెప్పింది. పీల్చితే నీరు పైకి రావడానికీ, మూత బిగించిన పాత్రలోంచి నీరు కారకపోవడానికీ అదే కారణమని అంతా నమ్మారు. ఈ వివరణలో ఒక లోపం ఉంది. అది ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు. ప్రకృతి శూన్యాన్ని ఎంతవరకు సహించదు? పది మీటర్ల వరకా, వంద మీటర్ల వరకా? బావుల్లో పీల్చే పంపులు సుమారు పది మీటర్లకు మించి నీటిని ఎత్తలేవన్న సంగతి పనివాళ్లకు తెలుసు. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని పట్టించుకుని, వేలాడే తాడు తన బరువుకు తానే తెగినట్టు నీటి స్తంభం కూడా తెగిపోతుందని వివరించాడు. అంత గొప్పవాడూ ఇక్కడ పొరబడ్డాడు. కారణాన్ని ఆయన నీటిలో వెతికాడు, అదేమో నీటి బయట ఉంది. గెలీలియో చివరి రోజుల్లో ఆయన దగ్గర చేరిన ఎవాంజెలిస్టా టారిసెల్లి, 1644లో రాసిన ఉత్తరంలో అసలు మాట చెప్పాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం, ఆ గాలికి బరువుంది, నీటిని నెట్టేది అదే. నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువైన పాదరసంతో ఆ బరువును తూచి, అది 76 సెంటీమీటర్ల పాదరసానికి సమానమని తేల్చాడు. 1648లో పాస్కల్ బావ ఫ్లోరాఁ పెరియే పుయ్ ద డోమ్ కొండెక్కి, పైకి పోయేకొద్దీ ఆ పాదరసం దిగుతుందని చూపించాడు. ఎల్లోస్టోన్ సరస్సు సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులే. మూత బిగించిన మన టోట్‌లోకి అక్కడ నాలుగుకు బదులు అయిదు లీటర్లు దిగుతాయి. ఆ ఒక్క లీటరు తేడా పెరియే కొండమీద చూసినదానికి సాక్ష్యమే.

టారిసెల్లి అక్కడితో ఆగలేదు. అదే 1644లో అచ్చయిన తన గణిత గ్రంథంలో, చిల్లులోంచి నీరు ఎంత వేగంగా దూకుతుందో కూడా చెప్పాడు. ఆయన గురువు బెనెడెట్టో కాస్టెల్లి, నదీజలాలను కొలవడం మీద 1628లో పుస్తకం రాసిన నిపుణుడు. నీటి ఎత్తు రెట్టింపయితే వేగమూ రెట్టింపవుతుందని ఆయన లెక్క. టారిసెల్లి కాదన్నాడు. ఆ ఎత్తునుంచి రాయి జారవిడిస్తే కిందికి వచ్చేసరికి ఎంత వేగముంటుందో, చిల్లులోంచి వచ్చే నీటికీ అంతే వేగమని చెప్పాడు. అంటే వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. ఈ సూత్రం దగ్గర న్యూటన్ కూడా తడబడ్డాడు. 1687నాటి ప్రిన్సిపియా మొదటి ముద్రణలో ఆయన లెక్క ప్రకారం, నీరు సగం ఎత్తునుంచి పడినంత వేగంతోనే బయటికొస్తుంది. అదే నిజమైతే పైకి తిప్పిన ధార సగం ఎత్తుకే లేవాలి, వాస్తవంలో దాదాపు పూర్తి ఎత్తుకు లేస్తుంది. 1713నాటి రెండో ముద్రణలో న్యూటన్ తన తప్పును సరిచేసుకున్నాడు, అదీ కొలిచి చూసి. చిల్లు వ్యాసం అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులుంటే, బయటికొచ్చిన ధార కాస్త ముందుకు పోయి సన్నబడి నలభయ్యింట ఇరవైయొక్క వంతులే ఉంది. చిల్లు అంచుల దగ్గర నీరు అన్ని పక్కలనుంచీ లోపలికి ఒరుసుకుంటూ వస్తుంది కాబట్టి ధార బిగుసుకుంటుంది. నీరు తక్కువ రావడానికి కారణం వేగం తక్కువ కావడం కాదు, ధార సన్నబడడం. సన్నని అంచున్న చిల్లులో ధార వైశాల్యం చిల్లు వైశాల్యంలో సుమారు 0.62 వంతు అని తర్వాతి కొలతలు తేల్చాయి.

ఈ వర్గమూలం ట్రైలర్ యజమానికి రెండు నిజాలు చెబుతుంది. 25 సెంటీమీటర్ల లోతూ 150 లీటర్ల పరిమాణమూ ఉన్న ట్యాంకుకు మూడు అంగుళాల ద్వారం ఉంటే, అడ్డేమీ లేనప్పుడు సుమారు 50 సెకన్లలో ఖాళీ అవుతుంది. గ్రే ట్యాంకులకు తరచుగా ఉండే ఒకటిన్నర అంగుళాల ద్వారమైతే మూడు నిమిషాలు దాటుతుంది. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. మొదటి సగం సమయంలో నాలుగింట మూడు వంతుల నీరు పోతుంది, మిగిలిన పావువంతుకు మిగతా సగం సమయమంతా పడుతుంది. మట్టం దిగేకొద్దీ వేగం సున్నాకు చేరువవుతుంది గనక. ఘనపదార్థాన్ని తోసుకుపోయే బలం నీటికి మొదట్లోనే ఉంటుంది, చివర్లో ఉండదు. బ్లాక్ ట్యాంకు వాల్వును ఎప్పుడూ తెరిచి ఉంచితే నీరు ఎప్పటికప్పుడు జారిపోయి, మలం మాత్రం మరుగుదొడ్డి కింద గుట్టగా పేరుకుని గట్టిపడిపోతుంది. వాల్వు మూసి ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలన్న సలహాకు ఆధారం ఇదే. టోట్‌తో ఈ మందగమనం మరీ ఎక్కువ. కింద మట్టం లేస్తుంటుంది, పైన మట్టం దిగుతుంటుంది, రెండింటి తేడా రెండువైపులనుంచీ తరిగిపోతుంది. టోట్ ప్రవేశద్వారం ట్రైలర్ ద్వారంతో సమానమైన ఎత్తులో ఉంటే చివరి భాగం అసలే దిగదు. టోట్‌లను పొడుగ్గా కాకుండా బల్లపరుపుగా చేసేది అందుకే. నాలుగు అంగుళాల గుంట తవ్వుకునే వీలులేని చోట, ట్రైలర్ చక్రాల కింద పలకలు పెట్టి కాస్త ఎత్తినా లాభమే.

గాలిమూత తీస్తే సరిపోతుందా, ఎంత తీయాలి అన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. నీరు గాలికన్నా సుమారు 830 రెట్లు బరువు. ఒకే ఒత్తిడి తేడా ఇస్తే గాలి ఎన్ని రెట్లు వేగంగా దూకుతుంది? మళ్లీ ఆ వర్గమూలమే. 830కి వర్గమూలం దాదాపు 29. అంటే నీటి ద్వారం వైశాల్యంలో 29వ వంతు రంధ్రం ఉన్నా గాలి సరిపడా పోగలదు. మూడు అంగుళాల గొట్టానికి ఇది 14 మిల్లీమీటర్ల రంధ్రం, చూపుడువేలు మందం. ఇంత చిన్న రంధ్రం చాలునా అనిపిస్తుంది. కాని 14 మిల్లీమీటర్లే ఉంటే ఉన్న ఒత్తిడిలో సగం గాలిని తోయడానికే ఖర్చయి, నీటి వేగం నూటికి డెబ్బై పాళ్లకు పడిపోతుంది. ఒత్తిడిలో నష్టం నూటికి అయిదు పాళ్లకు మించకూడదంటే 30 మిల్లీమీటర్లు కావాలి. మరమూతను ఒక చుట్టు వదులు చేసి ఊరుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. వదులు చేసిన మూత కింద తెరుచుకునేది సన్నని సందు మాత్రమే. దాని వైశాల్యం 14 మిల్లీమీటర్ల రంధ్రానికి కూడా సాటిరాదు. మూతను పూర్తిగా తీసి పక్కన పెట్టాలి. డంప్ స్టేషన్ దగ్గర టోట్‌ను ఖాళీ చేసేటప్పుడూ ఇదే నియమం, దిశ మాత్రమే మారుతుంది. అక్కడ గాలి లోపలికి రావాలి. మూత బిగించి ఒంపితే ప్లాస్టిక్ గోడలు లోపలికి పీక్కుపోతాయి, మురుగు ఎగిసెగిసి పడి ఒంటిమీద చిందుతుంది.

దుర్వాసన మాటేమిటని అడుగుతారు. మూత తీస్తే కంపు కదా, మూసి ఉంచితే మర్యాద కదా అని. లోపలికి వచ్చిన ప్రతి లీటరు మురుగుకూ ఒక లీటరు గాలి ఎటో ఒకవైపు పోవాలి. ఇందులో మనకు ఎంపిక లేదు. పోయే దారిని ఎంచుకోవడం మాత్రమే మన చేతిలో ఉంది. గాలి మన వైపునుంచి మూత వైపుకు వీచేలా నిలబడి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మూతలోంచి పోనివ్వడం అన్నిటికన్నా మంచి దారి. ట్రైలర్ పైన కూడా ఇదే సూత్రం నడుస్తుంది. కప్పు మీది గాలిగొట్టం ఆకులతోనో పక్షిగూటితోనో మూసుకుపోతే, దిగిపోతున్న నీరు తనకు కావలసిన గాలిని సింకు కింది వంపు గొట్టంలోంచి పీల్చుకుంటుంది. ఆ వంపులో కంపును ఆపేది సుమారు అయిదు సెంటీమీటర్ల నీరే. అర కిలోపాస్కల్ పీల్పుకే అది ఖాళీ అయిపోతుంది, తర్వాత ట్యాంకు వాసనంతా ఇంట్లోకే. అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు పొందిన ఎస్ ఆకారపు వంపుకు కూడా ఇదే జబ్బు. తన ధార తానే పీల్చుకుని అది ఒట్టిపోయేది. గాలిగొట్టం తోడైతే తప్ప నీటి తాళం తాళం కాదు.

ఎత్తు సమస్యా గాలి సమస్యా రెండూ లేకుండా పంపు పెట్టుకుంటే పోదా అనేది మరో వాదన. మురుగును నూరి నెట్టే మోటారు పంపులు ఉన్నాయి, అవి సన్నని గొట్టంలోంచి మురుగును ఎగువకు కూడా తోస్తాయి. ఎత్తు సమస్యను అవి తీరుస్తాయి, ఒప్పుకోవాలి. గాలి సమస్యను మాత్రం ప్రమాదంగా మారుస్తాయి. అర మీటరు నీటికి గాలిని నలిపే బలం లేదు కాబట్టి మూత మరిచిపోయినా ప్రవాహం మర్యాదగా ఆగిపోయింది. పంపు ఆగదు. అది తోస్తూనే ఉంటుంది, బిగుసుకున్న ట్యాంకు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ, ముఖ్యంగా గొట్టం అతుకుల దగ్గర ఊడుతుంది. ఇక పెద్ద టోట్ కొనుక్కుంటే సరిపోతుందన్నవాళ్లకు జవాబు బరువు. 36 గ్యాలన్లు నిండితే లోపలి నీరే 136 కిలోలు. దాన్ని రాళ్ల బాటలో చేత్తో తిప్పడం ఒకరి పని కాదు. పెద్దదయ్యేకొద్దీ ఎత్తూ పెరిగితే, పైన చెప్పిన మట్టాల తేడా మరింత తరిగిపోతుంది.

చివరగా వాడకం గురించి నాలుగు మాటలు, కొంత అసంతృప్తితో. పది అడుగుల పొడవూ మూడు అంగుళాల వెడల్పూ ఉన్న గొట్టంలో దాదాపు 14 లీటర్లు నిలుస్తాయి. టోట్ అంచుదాకా నిండాక వాల్వు మూసేవాళ్లకు ఆ 14 లీటర్లు నేలమీదే పోతాయి. 83 లీటర్ల టోట్‌కు 65 లీటర్ల దగ్గరే వాల్వు కట్టేయాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే వదిలితే సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. మురుగును నేలమీద వదిలేయడం మాత్రం ఏ లెక్కలోనూ క్షమించరానిది. ట్రైలర్ నుంచి మురుగును అందుకని ఏర్పాటు చేసిన చోట తప్ప వదలకూడదని అమెరికా జాతీయ ఉద్యానవనాల నిబంధనలు చెబుతున్నాయి. సబ్బునీళ్లే కదా అన్న సాకు అక్కడ చెల్లదు, చెల్లకూడదు కూడా. నా ఫిర్యాదు తయారీదారుల మీద. ట్యాంకు మీద గ్యాలన్లను పెద్ద అక్షరాల్లో అచ్చువేసేవాళ్లు, గాలిమూత వెడల్పునూ, ప్రవేశద్వారం నేలనుంచి ఎంత ఎత్తున ఉందన్నదీ అంతే పెద్దగా అచ్చువేయాలి. ట్యాంకు పని చేస్తుందా లేదా అన్నది తేల్చేవి ఆ రెండు అంకెలే. గ్యాలన్లు ఎన్ని మోయగలమో చెబుతాయి, నీరు దిగుతుందో లేదో చెప్పవు. ప్రశ్న పంపిన పాఠకుడు కొత్త ట్యాంకు కొనాల్సిన అవసరం లేదు. గొట్టాన్ని వంపుల్లేకుండా ఒకే వాలుగా పరిచి, గాలిమూతను పూర్తిగా విప్పి, ఆ తర్వాత వాల్వు తెరిస్తే చాలు.